సీటు సారు అడిగిన మాట

బంపరుకు సొట్ట పడితే కారును అశ్వారావుపేటలో మాకు అలవాటైన షెడ్డుకు తీసుకెళ్లాను. మెకానిక్ డ్రైవర్ సీట్లోకి ఒక కాలు పెట్టి, రెండో కాలు పట్టక ఆగిపోయాడు. నా పొట్టి కాళ్ల కోసం సీటు ఎప్పుడూ ముందుకు జరిగే ఉంటుంది. దాన్ని వెనక్కి నెట్టుకుంటూ ఏదో గుర్తొచ్చినట్టు తల పైకెత్తాడు.

"మేడం, మీకు తెల్వదా? సీటు సారు పోయిండు."

"ఎప్పుడు?"

"పోయిన నెల. మా అందరికి గూడ దినం అయినంకనే తెల్సింది."

నేను షెడ్డులో ఉన్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాను. మెకానిక్ బంపరు విప్పుతూనే ఉన్నాడు. ఆయన ఊరికే పోయే మనిషి కాదనీ, పోయే ముందు కూడా నాలుగు ప్రశ్నలు అడిగే ఉంటాడనీ అన్నాడు. నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఆయన బీమా కంపెనీ తరఫున వచ్చే సర్వేయరు. కారుకో లారీకో దెబ్బ తగిలితే వచ్చి చూసి, ఎట్లా జరిగిందో, ఎంత పాడైందో రాసిచ్చే మనిషి. షెడ్లలో మాత్రం ఆయన్ని సీటు సారు అనేవాళ్లు. ఎందుకంటే, ఏ బండి దగ్గరికి వచ్చినా ముందు పలకరింపు లేదు, ఫోటోలు లేవు. తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చునేవారు. మోకాళ్లు ఎక్కడ తగులుతున్నాయో, అద్దంలో ఏం కనిపిస్తోందో చూసుకుని, కాసేపు అట్లాగే ఉండి దిగేవారు. అప్పుడు గానీ "నడిపిందెవరు?" అని అడిగేవారు కాదు. అప్పటికే ఆయనకు సగం తెలిసిపోయి ఉండేది.

పల్లెల్లో ఆయన కష్టం వేరు. "సర్వే సారు వచ్చిండంట" అనే మాట పాకితే చాలు, పోడు పట్టాలు, పాసుపుస్తకాలు పట్టుకుని జనం వచ్చేసేవాళ్లు. చితికిన కారు పక్కన టేపు పట్టుకుని నిలబడిన మనిషిని పట్టుకుని "సారూ, మా గట్టు మూడు మూరలు లోపటికి జరిగింది, జర కొలువుండ్రి" అనేవాళ్లు. తనది భూమి సర్వే కాదు, బండి సర్వే అని ఎంత చెప్పినా నమ్మేవాళ్లు కాదు. ఒకచోట ఒక పెద్దమ్మ మరీ పట్టుబడితే, చేతిలో ఉన్న టైలరు టేపుతోనే ఆమె గట్టు కొలిచి వచ్చారట. "నా సర్వీసుల రిపోర్టు రాయని సర్వే అదొక్కటే" అని చెప్పుకుని తెగ మురిసిపోయేవారు.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. పొట్టి చేతుల చొక్కా. ఆ టైలరు టేపు ఎప్పుడూ జేబులో చుట్ట చుట్టుకుని ఉండేది. తిరిగేది మాత్రం మోపెడ్ మీద. ఇన్ని కార్లు చూసిన మనిషి ఒక్క కారైనా ఎందుకు కొనలేదని అడిగితే, "కొంటే పాలసీ చదవాలె గదా" అనేవారు. క్లెయిము పెట్టిన వాళ్ల ఇంట్లో టీ కాదు గదా, మంచినీళ్లు కూడా తాగేవారు కాదు. "రిపోర్టు తడుస్తది" అని గ్లాసును మర్యాదగా పక్కకు జరిపేవారు. నాకు ఆ మర్యాద చూస్తేనే ఒళ్లు మండేది, ఎందుకంటే ఆయనకు నేను మొదట పరిచయమైందే అబద్ధాలకోరుగా.

అది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. దమ్మపేట నుంచి వస్తుంటే మా కారు కల్వర్టును గుద్దుకుంది. నడిపింది మా మరిది. అతనికి లైసెన్సు లేదు. ఇంట్లో అందరం కూర్చున్నాం. మా అత్తగారు తేల్చేశారు: "లైసెన్సు నీకున్నది గదా, నువ్వే తోలినవని రాయి. ఎవరి సొమ్ము పోయింది?" నేను తెలుగు టీచర్ని. రాయడం మొదలుపెడితే బాగానే రాస్తాను. ఎదురుగా వచ్చిన బర్రెను తప్పించబోయి అదుపు తప్పాను అని ముచ్చటైన దస్తూరీతో రాశాను. ఆ బర్రె కూడా నా కల్పనే.

ఆయన ఈ షెడ్డుకే వచ్చారు. తలుపు తీసి, కూర్చుని, దిగారు. నా వైపు చూశారు. నేను ఐదడుగులు కూడా ఉండను.

"మీరే నడిపిండ్రా తల్లీ?"

"అవునండి."

"ఒక్కసారి కూసోండ్రి."

కూర్చున్నాను. మా మరిది ఆరడుగుల మనిషి. సీటు అతను వదిలిన చోటే ఉంది.

"క్లచ్ తొక్కండ్రి."

నడుము కిందికి జార్చాను. బొటనవేలు చాచాను. అందలేదు. అటుపక్క మెకానిక్ నవ్వు ఆపుకోలేక పానా వెతుక్కుంటున్నట్టు నటించాడు. ఆయన మాత్రం నవ్వలేదు. టేపు తీసి సీటుకూ పెడలుకూ మధ్య దూరం కొలిచి, మళ్లీ చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"ఈ అబద్ధం మీ కొలతలకు కుట్టింది కాదు తల్లీ" అన్నారు మెల్లగా. "రెండు దార్లున్నయ్. నేను రాస్తే అబద్ధమని రాయాలె. మీరే రాసి వాపసు తీసుకుంటే పొరపాటని రాసుకోవచ్చు."

అక్కడే స్టూలు మీద కూర్చుని రాశాను. కారు నడిపింది నేను కాదు, పొరపాటున అట్లా రాశాను, క్లెయిము వాపసు తీసుకుంటున్నాను. ఆయన చదివి, "దస్తూరి మంచిగున్నది. ఏం చేస్తరు మీరు?" అన్నారు. తెలుగు టీచర్నని చెప్పాను. "అట్లనా" అన్నారు. అంతే. ఆ ఒక్క "అట్లనా" నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. తిట్టినా బాగుండేది.

ఏడాది దాకా ఆ మోపెడ్ ఎదురుపడితే తల తిప్పుకునేదాన్ని. తర్వాత మా స్కూల్లో పదో తరగతి పిల్లలకు రోడ్డు భద్రత గురించి ఎవరితోనైనా మాట్లాడించాలని హెడ్మాస్టరు గారు అడిగినప్పుడు, ఏ దేవుడు నా నోట పలికించాడో, ఆయన పేరే చెప్పాను. ఆయన వచ్చారు. హెల్మెట్ గురించి ఒక్క మాట చెప్పలేదు.

"మీ ఇండ్లల్ల కార్లు, ట్రాక్టర్లు ఉన్నయ్ గదా. క్లెయిము ఎందుకు రాదో చెప్త, పోయి మీ నాయనలకు చెప్పుండ్రి" అని మొదలుపెట్టారు. "బండి గుద్దుకున్నది. మనోళ్లు ముందుగాల ఏం చేస్తరు?"

వెనక బెంచీలో ఒక పిల్ల లేచి "కడుగుతరు సార్" అంది.

"శభాష్. కడుగుతరు. నిమ్మకాయ కోస్తరు, గుమ్మడికాయ కొడ్తరు. బంపరు బిగిస్తరు. అమావాస్య పోనిచ్చి అప్పుడు కంపెనీకి ఫోన్ కొడ్తరు. నేనొచ్చేసరికి బండి పెండ్లికొడుకు లెక్క ఉంటది. ఇగ దెబ్బ యాడున్నదని రాయాలె నేను?"

పిల్లలు విరగబడి నవ్వారు. ఆయన గొంతు పెంచలేదు. వాగులో మునిగిన కారును బయటికి గుంజాక, నడుస్తుందో లేదోనని ఒక్కసారి తాళం తిప్పి చూస్తారనీ, ఆ ఒక్క తిప్పుడుకే ఇంజను పోతుందనీ చెప్పారు. "వాగు చేసిన నష్టానికి ఇస్తరు. తాళం చేసిన నష్టానికి ఇయ్యరు." పాత కారు కొని, కాగితాలు పాత యజమాని పేరు మీదే ఉంచేసి, "ఆయన మనోడే సార్" అంటారని చెప్పారు. "మనోడే. కానీ పాలసీ ఆయనది, బండి నీది. నడుమ నీకేం రాదు." చివరికి బోర్డు మీద ఏమీ రాయకుండానే సుద్దముక్క కింద పెట్టి అన్నారు: "కంపెనీలు అన్నీ న్యాయంగనే చేస్తయని నేననను. కానీ చానా క్లెయిములు మన నోట్లెనే చచ్చిపోతయ్, కంపెనీ దాక పోనే పోవు."

ఆ రోజు నుంచి నాకు ఆయన మీద కోపం పోయింది. దాని స్థానంలో ఏం వచ్చిందో చెప్పలేను. భయం లాంటి ఇష్టం అనుకోండి.

ఆ తర్వాత వచ్చిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, భోజనాల బెల్లు కొట్టాక, ఆయన హెల్మెట్ చంకలో పెట్టుకుని నేరుగా స్టాఫ్ రూమ్‌లోకి వచ్చారు.

"టీచరమ్మా, కిరాయి అంటే ఏంది?"

"అద్దె సార్."

"అది పుస్తకంల. ఈ దమ్మపేట రోడ్డు మీద కిరాయి అంటే ఏంది?"

జేబులోంచి ఒక జిరాక్సు తీసి నా లంచ్ బాక్సు పక్కన పరిచారు. దగ్గర్లోని తండాలో ఉండే ఒక లైన్‌మన్ పెట్టిన క్లెయిము అది. సాయంకాలం చీకటి పడేవేళ, రోడ్డు మీద ఆగి ఉన్న పామాయిల్ గెలల ట్రాక్టరును అతని కారు గుద్దింది. ముందు భాగమంతా నుజ్జయింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు, బండిలో అతనొక్కడే ఉన్నాడు. ఫారంలో ఒక గడి ఉంది: ప్రమాద సమయంలో వాహనం ఏ పని మీద వెళుతోంది? దానికి ఎదురుగా గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాశాడు: కిరాయి.

సొంత వాడకానికి తీసుకున్న పాలసీ, కిరాయికి తిప్పితే చెల్లదు. కంపెనీ అతనికి ఉత్తరం రాసింది: కిరాయి తీసుకున్నారా లేదా? అతను జవాబు రాశాడు: తీసుకున్న మాట నిజమే.

"తన క్లెయిము పీక తానే ఇంత మంచిగ పిసికినోణ్ని నేను సూడలే" అన్నారు సీటు సారు. "ఎల్లుండి రిపోర్టు ఇయ్యాలె. ఇదే రాసిస్తే అయిపాయె. ఆ తండాల ఉన్నది ఆ ఒక్క కారే. అది షెడ్డుల తుప్పు పట్టిందంటే, జరమొచ్చినోణ్ని మళ్ల మంచం మీద రోడ్డు దాక మోసుకొని రావాలె."

"ఆ మాట కొట్టేసి ఇంకో మాట రాయించవచ్చు కదా సార్?"

ఆయన నన్ను చూశారు. షెడ్డులో చూసినట్టే చూశారు.

"కొట్టేసిన మాట ఇంక గట్టిగ కనబడ్తది టీచరమ్మా. ఆ మాట ఎందుకన్నడో అడిగి రాయాలె. నాతోటి రాండ్రి. తెలుగు తెల్సినోళ్లు ఒకరు సాక్షి సంతకం పెట్టాలె."

"నా సంతకాన్ని మీరు నమ్ముతారా సార్?" అన్నాను.

"నా తాన సంతకాలు బీరువానిండ ఉన్నయ్" అన్నారాయన. "అబద్ధం రాసి, వాపసు తీసుకున్న సంతకం ఒక్కటే ఉన్నది."

హాఫ్ డే సెలవు పెట్టి బయల్దేరాను. ఆయన నా కారెక్కలేదు. ఆయన మోపెడ్ ముందు, వెనక నా కారు. సైకిలు వాళ్లు కూడా మమ్మల్ని దాటిపోయారు. దారి పొడుగునా పామాయిల్ తోటలు, తోటల మీద ముసురు.

లైన్‌మన్ సబ్‌స్టేషన్ వరండాలో ఉన్నాడు. నలభై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి టోపీ తీసి లేచి నిలబడ్డాడు. గుండు మీద అప్పుడప్పుడే వెంట్రుకలు మొలుస్తున్నాయి. తిరుపతి మొక్కేమో అనుకున్నాను. సీటు సారు బెంచీ మీద కూర్చుని, అట్ట మీద తెల్లకాగితం పెట్టి పెన్ను తీశారు.

"కిరాయి తీసుకున్నవా?"

"తీసుకున్న సారూ."

"ఎంత తీసుకున్నవ్?"

"పైసల్ కాదు సారూ. డీజిల్ పోయించిండు మా తమ్ముడు."

"తమ్ముడంటే? సొంత తమ్ముడా?"

"అవ్ సారూ."

సీటు సారు పెన్ను కాగితానికి ఆనకుండానే ఆగింది. "తమ్ముడు డీజిల్ పోయిస్తె అది కిరాయా?"

"మరేంది సారూ?" అతనికి నిజంగానే అర్థం కాలేదు. "బండి పోయిందంటే కిరాయి పోయినట్టే గదా. మా తాన గట్లనే అంటం. మా అమ్మను పింఛన్‌కు తీస్కపోయినా కిరాయి పోయిననే అంట. బండి నాది, డీజిల్ వానిది. తీసుకోలేదని ఎట్ల రాస్త?"

నేను సీటు సారు వైపు చూశాను. ఆయన పెదవుల చివర చిన్న నవ్వు లేచింది. గట్టెక్కాం అనుకున్నాను.

"సరే. ఆ దినం యాడికి పోయిండ్రు?"

"సత్తుపల్లి దవాఖానకు."

"ఎవరిని తీస్కపోయిండ్రు?"

"మా నాయనను సారూ."

సీటు సారు పెన్ను పక్కన పెట్టారు.

"గీ మాట ఫారంల రాయొద్దా?" అన్నారు సీటు సారు.

"ఎవరిని అని యాడ అడగలే సారూ. ఏ పని మీద అని అడిగిండ్రు. కిరాయి తీసుకున్నవా అని అడిగిండ్రు. అడిగినదానికి చెప్పిన."

"ఏమైంది మీ నాన్నకు?" నేను ఆగలేక అడిగాను.

"పామాయిల్ తోటల మట్టలు ఏరుతుంటె పాము కరిసింది మేడం."

"ఇప్పుడు ఎట్లా ఉన్నారు?"

అతను గుండు మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు గానీ నాకు వెలగలేదు. పిల్లల ముఖాలు చూసి ఎవరు హోంవర్కు చెయ్యలేదో చెప్పేస్తానని గొప్పలు పోయే నేను, ఆ గుండును చూసి మొక్కు అనుకున్నాను.

"చేర్పించిన గంటకే పోయిండు. తమ్ముణ్ని ఆడ ఉంచి నేనొక్కణ్నే వాపసొస్తున్న. అమ్మకు ఫోన్ల చెప్పబుద్ధి కాలే. ఇంటికి పోయి ఆమె ముందల నిలబడి చెప్పాలె అనుకున్న." తర్వాత తనంతట తానే అన్నాడు: "ట్రాక్టరు అడ్డంగ ఆగి ఉన్నది నిజమే సారూ. దానికి లైటు లేదు, అది గూడ నిజమే. కానీ లైటున్నా నాకు కనబడకపోతుండె. కండ్లు తుడుసుకుంటనే ఉన్న, నీళ్లు ఆగుతలేవు."

ఇంత కష్టపడి నిలబెట్టిన క్లెయిమును ఈ మనిషి మళ్లీ పడగొడుతున్నాడు. నేను సీటు సారు పక్కకు వంగి, "ఆ చివరి మాట వద్దు సార్. నాన్నను తీసుకెళ్లాడని రాస్తే చాలు కదా" అన్నాను.

"చెప్పిన మాట చెప్పినట్టు రాయాలె" అన్నారాయన. "ఏడ్సుకుంట బండి తోలొద్దని పాలసీల యాడ లేదు. అన్ని పేజీలు చదివిన నేను."

రాయడం మొదలుపెట్టారు. లైన్‌మన్ చెప్పింది చెప్పినట్టు, అతని మాటల్లోనే. కిరాయి అనే మాట కింద, ఆ తండాలో దానికి ఏ అర్థం ఉందో రెండు లైన్లలో రాశారు. అది చూసి కంపెనీ క్లెయిము పాస్ చేసిందనీ, చలికాలం వచ్చేలోపే కారు తండాకు తిరిగి వెళ్లిందనీ ఈ మెకానిక్కే తర్వాత చెప్పాడు. నేను చెప్పేది మాత్రం ఆ వరండాలో జరిగినదాని గురించి.

అతని మాటల కింద తన సారాంశం రాస్తూ ఆయన చెయ్యి ఆగకుండా నడుస్తోంది. బానెట్, రేడియేటరు, నుజ్జు, పగులు, వంకర, అన్నీ తడబడకుండా రాసుకుపోతున్నారు. తండ్రి మరణించిన అన్న చోటికి వచ్చి పెన్ను నిలిచిపోయింది. కాగితం మీద చుక్క పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. లైన్‌మన్ అటు తిరిగి ముఖం కడుక్కుంటున్నాడు. సీటు సారు నా వైపు వంగి, అతనికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించారు.

"టీచరమ్మా, దుఃఖం ఎట్ల రాస్తరు? ఆ రెండు సున్నలు ముందొస్తయా, వెనకొస్తయా? ఇన్నేండ్లల్ల నేనెన్నడు రాయలే."

నా సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, ఒకటో తరగతి పిల్లలకు రాసినట్టు పెద్ద అక్షరాలతో రాసి ఆయన ముందు పెట్టాను. ఆయన ఒక్కో అక్షరమే చూసుకుంటూ దించుకున్నారు. నాదాన్నీ తనదాన్నీ ఇంకోసారి పోల్చి చూసుకున్నారు. తర్వాత కాగితం లైన్‌మన్ వైపు తిప్పి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించారు.